తాటాకు కప్పు మీద గొర్రె పళ్ళు

తెనాలిలో పళ్ళ డాక్టరు దగ్గర కుర్చీలో వెల్లకిలా పడుకుని, నోరు తెరిచి, లైటు వెలుగు భరించలేక కళ్ళు మూసుకున్నాను. ఆ డాక్టరమ్మాయికి నా మనవరాలి వయసుంటుంది. చేతికి తొడుగు వేసుకుని, కింది పళ్ళను ఒక్కొక్కటే బొటనవేలితో కదిపి చూసింది. నాకు ఒళ్ళు జలదరించింది, నొప్పికి కాదు. అలా బొటనవేలు పెట్టి కింది పళ్ళు కదిపి చూసే మనిషిని చిన్నప్పుడు ఒక్కణ్ణే ఎరుగుదును. ఆయన చూసేది గొర్రెల నోళ్ళు.

"చిగుళ్ళ జబ్బండి అమ్మమ్మగారూ. ముందు పన్ను బాగా ఊగుతోంది. ఉంచితే తినడానికి అడ్డం తప్ప లాభం లేదు. తీసేద్దామండి."

"తీసెయ్యమ్మా. ఊగే పన్నుకంటే లేని పన్ను నయమని మా తాత చెప్పేవాడు."

"మీ తాతగారు కూడా డాక్టరేనాండి?"

"ఆ. గొర్రెలకి."

ఆ పిల్ల నవ్వింది. నేను నవ్వుదామన్నా అప్పటికే నోట్లో సూది ఉంది. కాసేపటికి పని అయిపోయింది. పన్నుని దూదిలో పెట్టి, "పట్టుకెళ్తారా, పారెయ్యమంటారా?" అని అడిగింది. దూదితో సహా తీసుకుని హ్యాండ్‌బ్యాగులో వేసుకున్నాను. రేపల్లె బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాక, దవడ తిమ్మిరి దిగుతున్నకొద్దీ, ఎప్పుడో తొక్కి పెట్టినవన్నీ ఒక్కొక్కటే పైకి వచ్చాయి.

మా ఊరు ఆ దారిలోనే, కాలవ పక్కన. మా పేటలో తాటాకు ఇళ్ళు, మధ్యలో సున్నం కొట్టిన చర్చి, దాని వెనక మిషను బడి. మా నాన్న నేను పుట్టిన ఏడే పోయాడు. ఇంట్లో అమ్మ, నాన్నకి తండ్రైన తాత, నేను. అమ్మ నాట్లకీ కోతలకీ వెళ్ళేది. తాత బతుకంతా ఎవరెవరి గొర్రెలనో మేపాడు. వరి వేసిన రోజుల్లో మా వైపు గొర్రెకి కాలు పెట్టే చోటుండదు గనక, మందని బాపట్ల ఇసుక నేలలకీ, నిజాంపట్నం దగ్గర ఉప్పు నేలలకీ తోలుకుపోయేవాడు. కోతలయ్యాక తిరిగి వచ్చేవాడు. వచ్చినప్పుడు ఆయన దుప్పటి నిండా తడిసిన గొర్రెబొచ్చు వాసన, మూటలో ఎండు రొయ్యల వాసన. నేను ఆ రెండిటి మధ్యా దూరి పడుకునేదాన్ని. అమ్మ ముక్కు మూసుకునేది.

నేను బడికి వెళ్ళే వయసుకి ఆయన మోకాళ్ళు పోయి ఇంటి పట్టునే ఉండేవాడు. అయినా సంత రోజున ఎవరో ఒకరు వచ్చి పిలుచుకుపోయేవారు. గొర్రెని కొనేముందు నోరు చూడాలి. గొర్రెకి ముందు పళ్ళు కింద మాత్రమే ఉంటాయి, పైన ఉత్త చిగురు. పాలపళ్ళు ఊడి మొదట రెండు పెద్ద పళ్ళు వస్తాయి, తర్వాత నాలుగు, ఆరు, ఎనిమిదితో నోరు నిండుతుంది. ఆ తర్వాత అరగడమే, ఊగడమే, ఊడడమే. తాత గొర్రె మూతిని చంకలో పట్టుకుని, బొటనవేలితో పెదవి కిందికి లాగి, ఒక్కసారి రాసి చూసి, "నాలుగు పళ్ళు. ఇంకా నాలుగు ఈతలు ఈనుద్ది" అనేవాడు. అంతే. ఆ మాట మీద బేరం తెగిపోయేది. ఆయన మాటకి కొన్నవాడూ అమ్మినవాడూ ఎదురు చెప్పినట్టు నేను వినలేదు.

ఇన్ని నోళ్ళు చూసిన మనిషికి సొంతంగా ఒక్క గొర్రె లేదు. అదే ఆయన దిగులు. "సచ్చేలోపు నాదని ఒక్క ఆడపిల్ల చాలమ్మా. ఒకటుంటే రెండేళ్ళలో మూడవుతాయి" అనేవాడు. కోతిలా నేను, "నాదని" అన్నప్పుడు ఆయన గుండె మీద చెయ్యి వేసుకునే తీరుని అనుకరించి చూపించేదాన్ని.

మా బడి మేస్టారికి పన్నెండో పదమూడో గొర్రెలుండేవి. బాపట్ల వైపు ఎవరి దగ్గరో మేపుకు ఉంచేవారు. మేస్టారంటే మా పేటకి చాలా గొప్ప. సంఘపెద్ద, వాక్యం చదివితే కంచు మోగినట్టుండేది. మా అందరికీ అక్షరాలు దిద్దించింది ఆయనే. నన్ను మొదటి బెంచీలో కూర్చోబెట్టి, "ఈ పిల్ల పైకొస్తుంది" అని అందరి ముందూ అనేవారు. ఆ మాట కోసం నేను తెల్లారేసరికి బడి వాకిట్లో ఉండేదాన్ని.

ఒక ఆదివారం ఆరాధన అయ్యాక ఆయన చర్చి వాకిట్లోకి ఒక గొర్రెని తెప్పించారు. మొహం మీద తెల్ల మచ్చ ఉన్న చూడి గొర్రె. దాన్ని తాతకి పాలుకిస్తున్నట్టు అందరి ముందూ చెప్పారు. పాలుకంటే మేత మనది, గొర్రె వాళ్ళది, పుట్టిన పిల్లల్లో సగం మనకి. "ముసలాయన ఇన్నేళ్ళూ ఊళ్ళోవాళ్ళ జీవాల్ని సాకాడు. ఆయన చేతికి ఒకటి రావాలి" అన్నారు మేస్టారు. పాస్టరుగారు గొర్రె తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. ఆడవాళ్ళు ఆమెన్ అన్నారు.

ఆమెన్ కాగానే తాత వంగి గొర్రె మూతి పట్టుకోబోయాడు. అమ్మ ఆయన మోచెయ్యి పట్టుకుని వెనక్కి లాగింది.

"మావయ్యా, ఏంటది? ప్రార్థన చేసిచ్చిన గొర్రె నోరు తెరిచి చూత్తావా? మేస్టారు ఏమనుకుంటారు?"

తాత చెయ్యి గాలిలో ఆగింది. సంతలో ఎవరి గొర్రైనా నోరు చూడందే తాడు పట్టుకోని మనిషి, ఆ రోజు చూడకుండా పట్టుకున్నాడు. మా అమ్మని తప్పు పట్టలేను. మా పేటలో ఎవరైనా అలాగే అనేవారు. పాస్టరుగారి చెయ్యి పడ్డ దాని నోరు చూడడమంటే ఆయన ప్రార్థనని పరీక్ష పెట్టినట్టే.

ఇంటికొచ్చి, గుంజకి కట్టి, తాత బొటనవేలు పెట్టాడు. చాలాసేపు తియ్యలేదు. గొర్రె నోట్లోంచి ఒక రకం కుళ్ళు వాసన, నిలవ గంజీ చీమూ కలిసిన వాసన వచ్చింది. ముందు పళ్ళలో మూడు లేవు. మిగిలిన ఐదూ పొడుగ్గా సాగి, మొదళ్ళు బయటపడి, వేలు తగిలితే ఊగుతున్నాయి. చిగురు ఎర్రగా ఉబ్బి ఉంది, నొక్కితే చీము వచ్చింది.

"ఇసకలో మేసిన గొర్రె. ఇసకంతా పళ్ళని రాసేసింది" అన్నాడు తాత. "కసాయి కోతకి పంపాల్సిన గొర్రెని మనకిచ్చారు అమ్మాయ్. ఆరి చేతిలో సస్తే ఆరికి నష్టం. మన చేతిలో సస్తే మన పాపం."

అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. వెనక్కి ఇచ్చేస్తే మేస్టారి మొహం చూడలేం. ఉంచుకుంటే అది గడ్డి కొరకలేక చూలుతో చస్తుంది. తాత మాత్రం ఒక పూటంతా ఆలోచించి, "దవడ పళ్ళు గట్టిగానే ఉన్నయ్. ముందియ్యే దాన్ని సంపుతున్నయ్. కొరికినప్పుడల్లా నొప్పి, నొప్పికి మేత మానేత్తంది. పీకేత్తే బోసినోటితో అయినా మెత్తటిది తింటది" అన్నాడు.

మర్నాడు పొద్దున్న పీకాడు. అమ్మ గొర్రెని కాళ్ళ మధ్య బిగించి పట్టుకుంది, నేను చెవులు పట్టుకున్నాను. గట్టి దారం ముడి వేసి ఒక్కొక్కటీ లాగాడు. ఐదూ అంత సులువుగా వచ్చాయంటే, అవి ఎప్పుడో వదులుకున్నాయన్నమాట. ఉప్పూ పసుపూ గుడ్డలో ముంచి చిగురంతా రాశాడు. పళ్ళని కడిగి, ఖాళీ పొగాకు డబ్బాలో వేసి, చూరులో దోపాడు. ఎందుకని నేను అడగలేదు. పెద్దవాళ్ళు ఏవేవో చూరులో దోపుతూనే ఉంటారు కదా అనుకున్నాను.

ఆ రోజుల్లో నాకూ ముందు పళ్ళు ఊడి ఉన్నాయి. తాతకి ఎప్పుడో అన్నీ పోయాయి. "ముగ్గురం ముగ్గురమే" అని తాత నన్ను ఏడిపించేవాడు. "అమ్మాయ్, ఈ ఇంట్లో కరిసేది నువ్వొక్కదానివే" అని అమ్మతో అనేవాడు. అమ్మ నూకల గంజి కాచి, తౌడు కలిపి గొర్రెకి పెట్టేది. అదే గంజి తౌడు కలపకముందు తాతకి, ఉప్పేసి నాకు. నేను కాలవగట్టు మీద అవిసె చెట్టెక్కి ఆకు దూసుకొచ్చి, కత్తిపీట మీద సన్నగా తరిగి పెట్టేదాన్ని. పప్పుల మిల్లు నుంచి వచ్చే మినప్పొట్టుని ఎవరి గొడ్ల సావిట్లోంచో ఒళ్ళో నింపుకొచ్చేదాన్ని, అడిగితే రాలినదనేదాన్ని. గొర్రె తింటుంటే పెదాలు అటూ ఇటూ పోయేవి. తాత గంజి తాగేటప్పుడు కూడా సరిగ్గా అలాగే పోయేవి. చూసి పొర్లి పొర్లి నవ్వేదాన్ని.

ఇక నేను చేసిన పని. మా వైపు పిల్లలకి పాలపన్ను ఊడితే పేడలో చుట్టి ఇంటి మీదికి విసురుతారు. అలా చేస్తే కొత్త పన్ను మొలుస్తుందని. నావన్నీ అలాగే విసిరాను, మొలుస్తున్నాయి కూడా. మరి గొర్రె పళ్ళని డబ్బాలో పెడితే ఎలా మొలుస్తాయి? తాతకి మతిమరుపు వచ్చిందనుకున్నాను. ఒక మధ్యాహ్నం ఇద్దరూ లేనప్పుడు డబ్బా తీసి, ఐదు పళ్ళనీ ఒకే పేడముద్దలో పెట్టి, కప్పు మీదికి బలంగా విసిరాను. డబ్బా ఊపితే చప్పుడు రావాలి కదా, లేకపోతే తాత కనిపెడతాడు. ఐదు చింతగింజలు వేసి మళ్ళీ చూరులో దోపాను. తెలివైన పిల్లనని మేస్టారు ఊరికే అన్నారా.

రోజూ గొర్రె నోరు తెరిచి చూసేదాన్ని. పళ్ళు రాలేదు గాని చిగురు ఆరి గట్టిపడింది, వాసన పోయింది. కోతలయ్యాక చేలల్లో మేతకి చల్లిన పిల్లిపెసర లేతగా మొలిచింది. దాన్ని గొర్రె బోసి చిగురుతోనే తెంపి తిన్నది. పక్కటెముకలు కనపడకుండా పోయాయి. ఒక తెల్లవారు జామున ఈనింది, రెండు. రెండూ ఆడపిల్లలే. తాత ఒకదాన్ని ఎత్తుకుని మాయ తుడిచాడు. నేను ఎదురుచూసిన ఆ "నాదని" అనలేదు. గుండె మీద చెయ్యి మాత్రం ఉంది, చేతికింద పిల్ల ఉంది.

పిల్లలు గంతులు వేసే వయసుకి మేస్టారు వచ్చారు. వెంట పాస్టరుగారు, ఇంకో ఇద్దరు సంఘపెద్దలు. రెండు పిల్లల్నీ చూశారు. బాగున్నాయన్నారు. చాలా బాగున్నాయి, అదే తప్పయింది. తర్వాత తల్లి దగ్గరికి వెళ్ళి మూతి ఎత్తి పెదవి లాగారు.

"ఇదేంటి? పళ్ళేవి?"

"ఊగుతుంటే పీకానండి మేస్టారూ. అరిగిపోయున్నయండి. చీము పట్టిందండి. పీకబట్టే బతికిందండి" అన్నాడు తాత.

"నేనిచ్చింది ఆరు పళ్ళ గొర్రెనయ్యా. ఇంకా మూడు నాలుగు ఈతలు ఈనాల్సింది. పళ్ళన్నీ పీకేసి దాన్ని ఎందుకూ పనికిరాకుండా చేశావు. ఆ రోజు అందరి ముందూ తీసుకున్నావు కదా, పళ్ళు లేవని అప్పుడే చెప్పకపోయావా?"

అమ్మ తల దించుకుంది.

"పుణ్యానికి పుట్టెడిస్తే పిచ్చకుంచమన్నట్టుంది మీ వరస" అన్నారు మేస్టారు, పాస్టరుగారి వైపు చూసి.

తాత ఏమీ తొణకలేదు. నాకిప్పటికీ కళ్ళకి కట్టినట్టుంది, ఆయన మొహంలో చిన్న నవ్వు కూడా ఉంది. "పళ్ళు దాచానండి. పెద్దలు చూడండి. అరిగిన పన్నో, ఆరు పళ్ళ గొర్రె పన్నో ఎవురికైనా తెలుత్తది" అని చూరులో చెయ్యి పెట్టాడు. అప్పుడు తెలిసింది నాకు ఆ డబ్బా ఎందుకో. ఆయన డబ్బా ఊపి చప్పుడు వినిపించాడు. మూత తీసి పాస్టరుగారి అరచేతిలో ఒంపాడు.

చింతగింజలు.

సంఘపెద్దల్లో ఒకాయన ఫక్కుమని నవ్వాడు. మేస్టారు నవ్వలేదు. "ముసలితనం వచ్చాక ఈ దొంగ వేషాలేంటయ్యా" అన్నారు, మెల్లగా, జాలిపడుతున్నట్టు. పాస్టరుగారు గింజల్ని కింద రాల్చి చెయ్యి దులుపుకున్నారు. తాత ఆ గింజల వైపే చూస్తున్నాడు. వంగి ఒకటి తీసి, కళ్ళ దగ్గర పెట్టుకుని, బొటనవేలితో రాసి చూశాడు. పన్నేమో అని.

నేను ఆయన పక్కనే, చెయ్యి చాస్తే అందేంత దూరంలో ఉన్నాను. కప్పు వైపు వేలు చూపిస్తే చాలు. నిచ్చెన వేసి ఎవరైనా తీసేవారు. మేస్టారు నా వైపు చూశారు. బళ్ళో చూసినట్టే, ఆప్యాయంగానే చూశారు. నేను వేలు ఎత్తలేదు.

పాడుచేసిన గొర్రెకి బదులుగా రెండు పిల్లల్నీ, తల్లినీ కూడా తోలుకుపోయారు. పెద్దల తీర్పు అది. తల్లిని ఆ వారమే రేపల్లెలో కోతకి అమ్మేశారని తెలిసింది. పిల్లలు రెండూ మేస్టారి మందలో కలిసి పెరిగాయి. బాపట్ల నుంచి మంద మా వైపు వచ్చిన రోజుల్లో, బడికి వెళ్ళేటప్పుడు కాలవగట్టు మీద కనపడేవి. నేను మొహం తిప్పుకునేదాన్ని. ఆ ఏడు క్లాసులో మొదటి బహుమతి నాకే వచ్చింది. మేస్టారి చేతి మీదుగా స్టీలు గ్లాసు. తీసుకున్నాను. ఆయన నా తల మీద చెయ్యి పెట్టారు, అదీ పెట్టించుకున్నాను.

సంత రోజున తాతని పిలవడానికి ఎవరూ రాలేదు. మొదట రెండు వారాలు పొద్దున్నే తలపాగా చుట్టుకుని అరుగు మీద కూర్చున్నాడు. మూడో వారం చుట్టుకోలేదు. తాతని కళ్ళతో చూడని పిల్లలు కూడా "చింతగింజల తాత" అనేవారు. చర్చిలో వెనక చాప మీద, గుమ్మం పక్కన కూర్చోవడం మొదలుపెట్టాడు. అమ్మ మాత్రం పొయ్యి దగ్గర తనలో తనే, "నేను చెయ్యి పట్టుకోకుంటే ఏం పోను" అని గొణుక్కునేది. డబ్బా సంగతి ఆమె ఎలకల మీదికి నెట్టేసింది. ఎలకలు చింతగింజలు పెట్టి పళ్ళెత్తుకుపోతాయా అని ఎవరూ అడగలేదు. తాతా అడగలేదు.

ఎండాకాలంలో పాత తాటాకు దింపి కొత్తది కప్పించారు. తాత కింద కూర్చుని పనికొచ్చే ఆకు ఏరుతున్నాడు. ఎండిన పేడముద్దలు ఒక్కొక్కటే దొర్లాయి. చిన్న చిన్నవి నావి. ఒకటి పెద్దది. తాత దాన్ని చితిపాడు. ఐదూ ఉన్నాయి, పొడుగ్గా, గోధుమ రంగులో, అరిగిన అంచులతో. ఒక్కొక్కదాన్నీ బొటనవేలితో రాసి పక్కన పేర్చాడు. నేను పారిపోలేదు. పారిపోయి ఉంటే బాగుండేది.

"మళ్ళీ మొలుత్తయ్యనుకున్నావా అమ్మా?"

తల ఊపాను.

"పెద్ద పళ్ళు ఊడితే మళ్ళీ రావమ్మా. గొర్రెకీ రావు, మనిషికీ రావు."

"మేస్టారికి చూపిద్దాం తాతా" అన్నాను, ఏడుస్తూ.

"ఆయనకి తెలవందేంటమ్మా ఇందులో? ఆయన గొర్రేగా." పళ్ళని గుప్పిట్లో పోసుకున్నాడు. తర్వాత నా వైపు తిరిగి, కోపం లేకుండా, నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టు అడిగాడు. "ఆ రోజే సెప్పలేదేంటమ్మా?"

మేస్టారి కళ్ళల్లో తక్కువవుతానని చెప్పలేదు. మొదటి బెంచీ పోతుందని చెప్పలేదు. ఆ నిజం ఆ వయసులో కూడా నాకు స్పష్టంగా తెలుసు. కానీ నోట్లోంచి వచ్చింది ఇంకొకటి.

"నువ్వు కొడతావని."

ఆయన నన్ను బతుకులో ఒక్కసారి కూడా కొట్టలేదు. గొర్రెనైనా కర్రతో అదిలించేవాడు గాని కొట్టేవాడు కాదు. ఆ మాటకి ఆయన మొహం ఎలా అయిందో చెప్పాలంటే, చింతగింజలు చూసినప్పుడు కూడా అలా కాలేదు. "నేనా?" అన్నాడు. నమ్మేశాడు.

మేస్టారు పోయి చాలా ఏళ్ళయింది. ఆయన ఫోటోకి బళ్ళో దండ వేస్తారట, నన్ను కూడా ఒకసారి పిలిచారు, వెళ్ళలేదు. ఆయన మీద కోపం తేలిక. ఆయన చేసింది ఊరందరికీ చెప్పి తిట్టొచ్చు, తిట్టాను కూడా. నేను చెప్పిన ఆ రెండు ముక్కలు ఇన్నేళ్ళలో ఎవరితోనూ అనలేదు.

తాత ఆ తర్వాత ఇంకో రెండేళ్ళు బతికాడు. అరుగు మీద కూర్చుని ఉండేవాడు, మందలు తోలిన నాటి కర్ర చేతిలో ఉండేది. మోకాళ్ళకి ఆసరా అదే. నేను బడి నుంచి వచ్చి దగ్గరికి వెళ్ళగానే ఆ కర్రని తీసి, నాకు కనపడకుండా, అరుగు కింద పెట్టేసేవాడు. నేను లోపలికి వెళ్ళాక మళ్ళీ తడుముకుంటూ తీసుకునేవాడు. ఒకరోజు అది అందక, నన్ను పిలవకుండా, పాక్కుంటూ దిగాడు. నేను గుమ్మంలోంచి చూశాను.